శిక్షకుని నాయకత్వం: కొన్ని పోలికలు, ఒక విన్నపం

నాయకత్వం అనే మాట మన విద్యాలయాలలో వినిపించినంతగా మరెక్కడా వినిపించదేమో. వార్షికోత్సవ వేదిక మీద, స్వాతంత్ర్య దినోత్సవ సభలో, సేవాశిబిరం ముగింపునాడు పెద్దలు విద్యార్థులను రేపటి నాయకులని సంబోధించడం పరిపాటి. అయితే నాయకుడు చేసే పని ఏమిటి, ఒకరి పద్ధతికీ మరొకరి పద్ధతికీ భేదం ఎక్కడ, ఏ పద్ధతి ఏ చోట ఫలిస్తుంది అన్న ప్రశ్నలకు ఆ ప్రసంగాలలో సమాధానం దొరకడం అరుదు. ఆ ప్రశ్నలను విచారించడానికి మేము ఈ వ్యాసంలో ఫుట్‌బాల్ శిక్షకులను తీసుకుంటున్నాము. చదువరులు దీనిని కేవలం ఆటల వ్యాసమని పక్కన పెట్టరాదని ముందుగానే మనవి.

శిక్షకులనే ఎందుకు ఎన్నుకున్నామంటే, అందుకు రెండు కారణాలున్నాయి. రాజకీయ నాయకుని పని మంచిదో చెడ్డదో తేలడానికి ఏళ్లు పడుతుంది. తేలిన తరువాత కూడా వాదులాట మిగులుతుంది. శిక్షకుని పని తొంభై నిమిషాలలో లక్షమంది ఎదుట తేలిపోతుంది. ఇది మొదటి కారణం. రెండవది ఇంకా ముఖ్యమైనది. ఆట మొదలైన తరువాత శిక్షకుడు బంతిని తాకరాదు. మైదానపు గీత దాటి లోపలికి అడుగు పెట్టరాదు. తాను చేయలేని పనిని ఇతరుల చేత చేయించడమే అతని వృత్తి. ఈ స్థితి ఉపాధ్యాయునిది కూడా. పరీక్ష గదిలోకి ఉపాధ్యాయుడు వెళ్లి సమాధానం రాయలేడు గదా! కావున విద్యాలయానికి అన్నిటికంటె దగ్గరగా ఉన్న నాయకత్వం సేనాపతిదీ కాదు, మంత్రిదీ కాదు, శిక్షకునిదే అని మా అభిప్రాయం.

మన గవర్నర్‌పేటలో ఫుట్‌బాల్ గురించి మాట్లాడితే కొందరికి వింతగా తోచవచ్చును. బెజవాడ కుర్రవాడు పుట్టగానే క్రికెట్ బ్యాటు పట్టుకుంటాడు. డెల్టా పల్లెలలో కబడ్డీకి, వాలీబాల్‌కు ఉన్న ఆదరణ మరే ఆటకూ లేదు. నిజమే. కాని ఇక్కడికి సుమారు 275 కిలోమీటర్ల దూరంలోని హైదరాబాదు ఒకప్పుడు భారత ఫుట్‌బాల్‌కు పుట్టినిల్లు వంటిది. ఆ పుట్టింటి పెద్ద ఒక బడిపంతులు. ఆ కథ తెలుగువారిలో చాలామందికి తెలియకపోవడం విచారకరం. 2024లో విడుదలైన ‘మైదాన్’ అనే హిందీ చలనచిత్రం పుణ్యమా అని ఈ తరంవారు ఆయన పేరు విన్నారు.

రహీం సాహెబ్: ఉస్తాదు పద్ధతి

సయ్యద్ అబ్దుల్ రహీం 1909లో హైదరాబాదులో జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయ పట్టభద్రులు. నగరంలోని పాఠశాలలలో ఉపాధ్యాయులుగా పనిచేశారు. 1940ల నుంచి 1963లో మరణించేవరకు హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శిగా ఉన్నారు. అదే కాలంలో హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు శిక్షణ ఇచ్చారు. ఆ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదేళ్లు రోవర్స్ కప్పు గెలిచింది. ఆటగాళ్లు పోలీసు శాఖ ఉద్యోగులు. నేటి అర్థంలో వారు వృత్తి క్రీడాకారులు కాకపోవచ్చును గాని, ఆటే వారికి జీతం తెచ్చిపెట్టింది, ఇంటికి ఆధారమైంది.

భారత జట్టుకు ఆయన శిక్షకత్వం వహించిన కాలంలోని ఫలితాలు క్రీడాభిమానులకు సుపరిచితాలు. 1951లో న్యూఢిల్లీ ఆసియా క్రీడలలో ఇరాన్‌ను 1-0తో ఓడించి స్వర్ణం. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి నాలుగవ స్థానం. 1962లో జకార్తా ఆసియా క్రీడలలో మళ్లీ స్వర్ణం. అయితే ఈ విజయాల నడుమ ఒక పరాజయం ఉన్నది. 1952లో హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో భారత జట్టు 10-1తో ఓడిపోయింది. ఆనాడు మనవారిలో అనేకులు బూట్లు లేకుండా, వట్టి పాదాలతో ఆడారు. అంతటి ఓటమి తరువాత తక్కిన నాయకులు ఆటగాళ్లను తిట్టవచ్చు, వాతావరణాన్ని తిట్టవచ్చు. రహీం సాహెబ్ తన పాఠ్యక్రమాన్ని మార్చుకున్నారు. అదే యుగోస్లావియాతో నాలుగేళ్ల తరువాత మెల్‌బోర్న్ సెమీఫైనల్‌లో తలపడినప్పుడు కూడా మనవారు ఓడారు. కాని 4-1తో ఓడారు. పది గోళ్లకూ నాలుగు గోళ్లకూ మధ్య ఉన్న దూరం ఒక ఉపాధ్యాయుని శ్రమ.

ఆయన పద్ధతిలోని సారం ఏమిటి? హైదరాబాదులో ఆయన విచిత్రమైన నియమాలతో పోటీలు నిర్వహించేవారు. ఒక పోటీలో ఆటగాడు తన బలహీనమైన కాలితోనే బంతిని తన్నాలి. మరొక పోటీలో డ్రిబ్లింగ్ నిషిద్ధం. బంతి అందిన వెంటనే మరొకరికి అందించాలి. ఇంకొకటి పొట్టివారికి మాత్రమే. ఇవి వినోదానికి పెట్టినవి కావు. బంతిని తన దగ్గరే ఉంచుకునే స్వార్థపరునికి స్వార్థం తప్పని వంద ఉపన్యాసాలు ఇచ్చినా ఫలితం ఉండదు. బంతిని ఉంచుకోవడానికి వీలులేని ఆట నాలుగు రోజులు ఆడిస్తే, పక్కవాని వైపు చూడడం అతడే నేర్చుకుంటాడు. మందలింపు చేయవలసిన పనిని నియమం చేత చేయించడం ఉత్తమ ఉపాధ్యాయుని లక్షణం. ఎడమ కాలు బలహీనంగా ఉన్నవాడిని చూసి నవ్వడానికి బదులు అందరి చేతా ఎడమ కాలితోనే ఆడిస్తే నవ్వేవాడెవడు?

మరొక గుణం ఆటగాని ఇంటిని ఎరిగి ఉండడం. సికింద్రాబాదు వైపు అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం పేద కుటుంబంలోని పిల్లవాడు. రోజూ నగరానికి సాధనకు రావడానికి అతనికి స్తోమత లేకపోతే, అద్దె సైకిలుకు డబ్బు రహీం సాహెబ్ ఇచ్చేవారని బలరాం పెద్దయిన తరువాత కృతజ్ఞతతో చెప్పుకున్నారు. ఆ పిల్లవాడు 1956లో ఒలింపిక్ క్రీడాకారుడయ్యాడు, 1962లో జకార్తా స్వర్ణంలో భాగస్వామి అయ్యాడు. ప్రతిభను గుర్తించేవారు లోకంలో చాలామంది ఉంటారు. ఆ ప్రతిభ మైదానం దాకా రావడానికి అడ్డేమిటని అడిగేవారు కొద్దిమందే.

జకార్తా సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో భారత్ 2-0తో ఓడింది. తరువాత థాయిలాండును 4-1తో, జపానును 2-0తో గెలిచింది. ఈలోగా రక్షణ పంక్తికి ఆధారమైన జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. వెనుక వరుసలో గాలిలోని బంతిని తలతో ఎదుర్కోవలసిన మనిషి అతడు. రహీం సాహెబ్ అతడిని ఇంటికి పంపలేదు. ముందు వరుసలో నిలబెట్టారు. దక్షిణ వియత్నాంతో జరిగిన సెమీఫైనల్‌ను 3-2తో గెలిచిన ఆటలో అతడొక గోలు చేశాడు. సెప్టెంబరు 4న ఫైనల్‌లో మళ్లీ అదే కొరియా. ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులను ఆతిథేయ దేశం రానివ్వకపోవడాన్ని భారత క్రీడాధికారి జి.డి. సోంధి ఆక్షేపించిన కారణంగా స్టేడియం నిండా మనకు వ్యతిరేకంగా కేకలు. జ్వరంతో బాధపడిన పీటర్ తంగరాజ్‌ను ఆనాడు గోల్ కీపరుగా దింపారు. పి.కె. బెనర్జీ ఒక గోలు, జర్నైల్ సింగ్ ఒక గోలు చేయగా 2-1తో స్వర్ణం మనదయింది. అప్పటికే శిక్షకుడు క్యాన్సర్‌తో పోరాడుతున్నారు. మరుసటి యేడు జూన్ 11న ఆయన కన్నుమూశారు.

ఉర్దూలో ఉస్తాద్ అనే మాట ఉన్నది. సంగీతం నేర్పేవాడూ ఉస్తాదే, కుస్తీ నేర్పేవాడూ ఉస్తాదే, మోటారు మరమ్మతు నేర్పేవాడూ ఉస్తాదే. విద్యతో పాటు నడవడిని కూడా అప్పగించేవాడని ఆ మాటకు తాత్పర్యం. రహీం సాహెబ్ నాయకత్వానికి అంతకంటె తగిన పేరు మాకు తోచలేదు.

నయీముద్దీన్: నియమపాలన

అదే హైదరాబాదు మట్టి నుంచి వచ్చిన మరొక శిక్షకుడు సయ్యద్ నయీముద్దీన్. సిటీ పోలీసు జట్టులో ఆడి, కలకత్తా వెళ్లి పెద్ద క్లబ్బులలో రాణించారు. 1970లో బ్యాంకాక్ ఆసియా క్రీడలలో కాంస్యం గెలిచిన భారత జట్టుకు ఆయన నాయకుడు. ఆ యేడే అర్జున పురస్కారం లభించింది. శిక్షకుడైన తరువాత 1990లో ద్రోణాచార్య పురస్కారం పొందారు. ఫుట్‌బాల్ శిక్షకులలో ఆ గౌరవం అందుకున్న తొలి వ్యక్తి ఆయనే. ఆ 1990లోనే ఈస్ట్ బెంగాల్ జట్టు ఆయన శిక్షణలో డ్యూరాండ్ కప్పు, రోవర్స్ కప్పు, ఐ.ఎఫ్.ఎ. షీల్డు మూడింటినీ గెలిచింది.

నయీం సాహెబ్ కఠిన క్రమశిక్షణకు ప్రసిద్ధులు. సాధనకు రావలసిన వేళ, తినవలసిన ఆహారం, పడుకోవలసిన సమయం అన్నిటికీ కట్టుబాట్లు. పేరుపొందిన ఆటగాడైనా కొత్తగా వచ్చిన కుర్రవాడైనా ఆయనకు ఒక్కటే. ఈ పద్ధతిలో గొప్ప న్యాయం ఉన్నది. పెద్ద ఆటగాడికి ఒక చట్టం, చిన్న ఆటగాడికి ఒక చట్టం ఉన్న జట్టు ఎన్నడూ బాగుపడదు. అయితే ఈ పద్ధతికి ఒక పరిమితి కూడా ఉన్నదని ఒప్పుకోవాలి. నియమం ఎందుకు పెట్టారో తెలిసిన ఆటగాడు శిక్షకుడు లేనప్పుడు కూడా దానిని పాటిస్తాడు. భయం చేత పాటించినవాడు శిక్షకుడు వెళ్లిపోయిన మరునాడే దానిని వదిలేస్తాడు. మన వసతి గృహాలలో, తరగతి గదులలో ఈ సత్యాన్ని మనం చూస్తూనే ఉన్నాము.

పి.కె. బెనర్జీ, అమల్ దత్తా: మాట, పటం

రహీం శిష్యులలో ఒకరు, జకార్తా ఫైనల్‌లో గోలు చేసిన పి.కె. బెనర్జీ, తరువాత శిక్షకుడై కలకత్తా క్లబ్బులను నడిపించారు. 1975లో ఐ.ఎఫ్.ఎ. షీల్డు ఫైనల్‌లో మోహన్ బగాన్‌ను ఈస్ట్ బెంగాల్ 5-0తో ఓడించినప్పుడు శిక్షకుడు ఆయనే. మరి రెండేళ్లకు, 1977లో, పెలే ఆడిన న్యూయార్క్ కాస్మాస్ జట్టును 2-2తో నిలువరించిన మోహన్ బగాన్‌కు శిక్షకుడూ ఆయనే. ఆయన ఆయుధం మాట. ఆటకు ముందు ఆయన చేసే ఉద్బోధను పత్రికలు ‘వోకల్ టానిక్’ అని పిలిచాయి. ఒక్కొక్క ఆటగాని స్వభావం ఎరిగి, ఒకరిని బుజ్జగించి, ఒకరిని రెచ్చగొట్టి, ఒకరికి ఇంటిని గుర్తు చేసి మైదానంలోకి పంపేవారు.

ఆయనకు సమకాలికుడు, చిరకాల ప్రత్యర్థి అమల్ దత్తా. ఆయన స్వయంగా ఇంగ్లండు వెళ్లి శిక్షణ విద్య అభ్యసించి వచ్చారు. శిక్షకత్వాన్నే జీవనవృత్తిగా స్వీకరించిన తొలితరం భారతీయులలో ఒకరు. ఆయన ఆయుధం పటం. నల్లబల్ల మీద గీసిన వ్యూహాలు, విదేశీ ఆటల చలనచిత్రాలు, నిరంతర ప్రయోగం. 1997లో మోహన్ బగాన్‌లో ఆయన ప్రవేశపెట్టిన వజ్రాకార వ్యూహం ఆనాడు దేశమంతటా చర్చనీయాంశమైంది. ఫెడరేషన్ కప్పులో ఆ జట్టు చర్చిల్ బ్రదర్స్ వంటి బలమైన జట్టును 6-0తో చిత్తు చేసింది.

ఆ పోటీలోనే, 1997 జులై 13న, కలకత్తా సాల్ట్ లేక్ స్టేడియంలో సెమీఫైనల్. ఒక పక్క అమల్ దత్తా మోహన్ బగాన్, ఒక పక్క పి.కె. ఈస్ట్ బెంగాల్. 1,31,000 మందికి పైగా ప్రేక్షకులు. ఆటకు ముందు అమల్ దత్తా ప్రత్యర్థి ఆటగాళ్లను పత్రికల ముఖంగా ఎగతాళి చేశారు. పి.కె. ఆ ఎగతాళినే తన వారికి ఔషధంగా మార్చారు. బైచుంగ్ భూటియా మూడు గోళ్లు చేయగా ఈస్ట్ బెంగాల్ 4-1తో గెలిచింది.

దీనిని బట్టి మాట గెలిచింది, పటం ఓడింది అని తీర్మానించడం తొందరపాటు. అమల్ దత్తా వ్యూహం తప్పు కాదు. వ్యూహకర్త ప్రత్యర్థి మనసును లెక్కలో చేర్చుకోకపోవడం తప్పు. అట్లే మాట కూడా సర్వరోగనివారిణి కాదు. ఒక్క ఆటకు, ఒక్క సాయంత్రానికి మాట పనిచేస్తుంది. ఏడాది పొడవునా కాళ్లలో బలం, బుద్ధిలో అవగాహన పెంచే పని అది చేయలేదు. నిజానికి పి.కె. మాటకు అంత బలం ఎక్కడిది? ఆయన ఒలింపిక్ జట్టుకు నాయకత్వం వహించినవారు, ఆసియా స్వర్ణం గెలిచినవారు. వెనుక అనుభవం ఉన్నది గనుక మాటకు విలువ వచ్చింది. అనుభవం లేని మాట మన సభలలో పూలదండల నడుమ వినిపించే ఉపన్యాసం వంటిది.

కాలం, జీతం, సంస్థ

ఇంతవరకు మనుషుల గురించి చెప్పాము. కాని నాయకత్వం కేవలం మనిషి స్వభావం కాదు. ఆ మనిషికి దొరికిన కాలం, అతని వెనుక ఉన్న సంస్థ కూడా అందులో భాగమని ఇటీవలి చరిత్ర చెబుతున్నది.

2019లో హైదరాబాదు ఎఫ్.సి. అనే వృత్తి క్లబ్బు ఏర్పడింది. స్పెయిన్ దేశస్థుడు మనోలో మార్కెజ్ శిక్షకుడుగా వచ్చి, పేరు లేని భారతీయ యువకులను నమ్మి ఆడించారు. మొదటి యేడు ఐదవ స్థానం. రెండవ యేడు, 2022 మార్చి 20న, కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీలలో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ విజేత. మూడవ యేడు పట్టికలో రెండవ స్థానం. ఆయన 2023లో వెళ్లిపోయారు. తరువాత క్లబ్బు ఆర్థికంగా చితికిపోయింది, ఆటగాళ్లకు జీతాలు అందలేదు, ఒక్కొక్కరే విడిచిపోయారు, 2023-24లో పట్టికలో చివరి స్థానానికి దిగజారింది. 2025లో ఆ క్లబ్బే ఢిల్లీకి తరలిపోయింది. రహీం సాహెబ్ నగరానికి మిగిలింది ఒక కప్పు జ్ఞాపకం.

అదే మార్కెజ్ 2024లో భారత జాతీయ జట్టుకు శిక్షకుడయ్యారు. ఎనిమిది ఆటలలో గెలిచింది ఒక్కటి. ఏడాదికే పదవి వదిలారు. మనిషి మారాడా? లేదు. క్లబ్బులో ఆయనకు రోజూ ఆటగాళ్లు కళ్లెదుట ఉండేవారు. జాతీయ జట్టులో అప్పుడప్పుడు కొద్ది రోజులు మాత్రమే దొరికేవారు. మెల్లగా, ఓపికగా నేర్పే పద్ధతికి కాలం ఆహారం వంటిది. కాలం ఇవ్వకుండా ఉస్తాదును తెచ్చి నిలబెట్టి ఫలితం అడగడం విత్తనం వేసిన వారానికే కుప్పనూర్చమని అడగడం వంటిది.

ఇంగ్లండులో అలెక్స్ ఫెర్గుసన్ 1986 నవంబరులో మాంచెస్టర్ యునైటెడ్‌కు వచ్చారు. తొలి కప్పు గెలిచింది 1990 మేలో. మూడున్నరేళ్లు ఆ క్లబ్బు ఓపిక పట్టింది. ఆ ఓపికకు ప్రతిఫలంగా 2013 నాటికి పదమూడు లీగ్ విజయాలు లభించాయి. అయితే ఆయన వెళ్లిన తరువాత పదేళ్లలో ఆ క్లబ్బు ఒక్కసారి కూడా లీగ్ గెలవలేదు. దీనికి భిన్నమైన ఉదాహరణ మరొకటి ఉన్నది. హాలండు శిక్షకుడు రైనస్ మిఖెల్స్ నేర్పిన విద్యను ఆయన శిష్యుడు యోహాన్ క్రైఫ్ బార్సిలోనాకు శిక్షకుడై అక్కడ నాటాడు. క్రైఫ్ వద్ద ఆడిన గువార్డియోలా 2008లో అదే క్లబ్బుకు శిక్షకుడయ్యాడు. నడుమ బాలురకు శిక్షణ ఇచ్చే పాఠశాల ఆ విద్యను కాపాడింది. ఒకచోట మనిషితో పాటు విద్య వెళ్లిపోయింది. మరొకచోట మనిషి వెళ్లినా విద్య నిలిచింది.

మా తీర్మానం

కావున శిక్షకుని, ఆ మాటకొస్తే ఏ నాయకుని, మూడు ప్రశ్నలతో పరీక్షించాలని మేము భావిస్తున్నాము. జట్టులో అందరికంటె బలహీనుని పట్ల అతడు ఎట్లా ప్రవర్తిస్తాడు? ఓడిన మరునాడు ఏమి మార్చుకుంటాడు? అతడు వెళ్లిన తరువాత ఏమి మిగులుతుంది?

మొదటి రెండు ప్రశ్నలలో రహీం సాహెబ్‌కు సాటి లేదు. బలహీనమైన కాలికి పోటీ పెట్టినవాడు, పేదపిల్లవానికి సైకిలు అద్దె ఇచ్చినవాడు, పది గోళ్ల ఓటమి నుంచి ఒలింపిక్ సెమీఫైనల్‌కు నడిపించినవాడు ఆయన. మూడవ ప్రశ్న వద్ద మాత్రం మనం నిజాయితీగా ఆగి ఆలోచించాలి. ఆయన తీర్చిదిద్దిన ఆటగాళ్లు 1964లో ఆసియా కప్పులో ద్వితీయ స్థానం పొందారు, పి.కె. వంటి శిష్యులు శిక్షకులయ్యారు. 1970లో కాంస్యం వచ్చింది. తరువాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు పతకమే లేదు. 1960 రోమ్ తరువాత ఒలింపిక్స్‌కు అర్హతే రాలేదు. హైదరాబాదు ఆటగాళ్లు బతుకుదెరువుకు కలకత్తా, బొంబాయి క్లబ్బులకు వెళ్లారు; నగరంలోని ఆట క్షీణించింది. సంఘం కార్యదర్శీ ఆయనే, పోలీసు జట్టు శిక్షకుడూ ఆయనే, పోటీల రూపకర్తా ఆయనే. ఒక్క మనిషి భుజాల మీద ఇల్లంతా నిలబడినప్పుడు ఆ మనిషి పోతే ఇల్లు కూలడం వింత కాదు. ఇది ఆయన లోపమని మేము అనడం లేదు. ఆయన చుట్టూ ఉన్నవారు, ఆయన విజయాలను అనుభవించినవారు, ఆయన బతికి ఉండగా ఒక శిక్షణాలయాన్ని కట్టుకోకపోవడం లోపం. మహనీయుని ఆరాధించడం సులభం. అతని పనిని నలుగురూ చేయగలిగే ఏర్పాటు చేయడం కష్టం.

మన కృష్ణా డెల్టావారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. ఆర్థర్ కాటన్ సంకల్పంతో 1855 నాటికి బెజవాడ వద్ద ఆనకట్ట పూర్తయింది. కాటన్ దొరను డెల్టా రైతు నేటికీ తలచుకుంటాడు. కాని పొలానికి నీరు పారింది తలచుకోవడం వలన కాదు. ఏటా కాలువలు పూడిక తీసేవారు, తలుపులు ఎత్తి దించే లస్కర్లు, లెక్కలు రాసే శాఖ నిలిచి ఉన్నందువలన పారింది. 1952లో పాత ఆనకట్టకు గండి పడితే, 1957 నాటికి ప్రకాశం బ్యారేజీ లేచింది. దొర లేకపోయినా పని ఆగలేదు. నాయకత్వం ఫలించిందనడానికి అంతకంటె మంచి నిదర్శనం ఉండదు.

కళాశాల కమిటీ వారికి

ఇక మన ఇంటి సంగతి. ప్రతి యేడు అంతర కళాశాలల పోటీలకు రెండు నెలల ముందు మన ఫుట్‌బాల్ జట్టు పుడుతుంది; పోటీలు ముగిసిన మరునాడు మరణిస్తుంది. ఆ రెండు నెలలకు ఖాళీగా ఉన్న అధ్యాపకునికి బాధ్యత అప్పగిస్తారు. మరుసటి యేడు మరొకరు. మొదటి ఆటలో ఓడి వస్తే విద్యార్థులకు క్రమశిక్షణ లేదంటారు. పైన చెప్పిన చరిత్ర అంతా చదివిన తరువాత ఈ మాట న్యాయమేనా అని కమిటీ పెద్దలను సవినయంగా అడుగుతున్నాము. మూడేళ్లు ఓపిక పట్టిన క్లబ్బు ఎక్కడ, రెండు నెలలకు ఒక శిక్షకుని మార్చే మనం ఎక్కడ?

గవర్నర్‌పేటలో అంగడి మీద అంగడి లేచిన ఈ రోజులలో కళాశాలకు సొంత మైదానం కొనమని మేము కోరడం లేదు. అది కమిటీ శక్తికి మించిన పని అని ఎరుగుదుము. మా కోరికలు నాలుగే. ఒకటి, ఆసక్తి ఉన్న ఒక శిక్షకునికి కనీసం మూడు విద్యా సంవత్సరాలు జట్టు బాధ్యత అప్పగించాలి. నడుమ ఎన్నిసార్లు ఓడినా మార్చరాదు. రెండు, బందరు రోడ్డు మీది మునిసిపల్ స్టేడియంలోనో మరొక మైదానంలోనో వారానికి మూడు సాయంత్రాలు నిశ్చితమైన వేళ సంపాదించి, ఆ వేళను ఏడాది పొడవునా నిలబెట్టాలి. మూడు, దూరప్రాంతాల నుంచి వచ్చే పేద విద్యార్థులకు సాధన రోజులలో బస్సు చార్జీ, సాధన తరువాత ఇంత ఉపాహారం ఏర్పాటు చేయాలి. ఇబ్రహీంపట్నం నుంచో కంకిపాడు నుంచో వచ్చే కుర్రవాడు సాయంత్రం ఆరింటి దాకా ఖాళీ కడుపుతో పరుగెత్తలేడు. ఆఖరి బస్సు తప్పిపోతుందన్న భయంతో మనసు పెట్టి ఆడలేడు. ఇందుకయ్యే ఖర్చు మన వార్షికోత్సవంలో శాలువలకూ పూలదండలకూ అయ్యే ఖర్చును మించదని మా నమ్మకం. నాలుగు, విద్యార్థినులకు కూడా వేరుగా ఒక వేళ, వారికి తగిన మహిళా శిక్షకురాలు ఉండాలి. ఆట వలన వచ్చే ఆరోగ్యం, ఆత్మవిశ్వాసం, నలుగురితో కలిసి పనిచేసే అలవాటు అబ్బాయిల సొత్తు మాత్రమే కాదు. మన పిల్లల తల్లిదండ్రులు అభ్యంతరం చెప్పుతారని ముందే ఊహించుకుని ఊరుకోవడం కంటె, తగిన ఏర్పాట్లు చేసి వారిని ఒకసారి పిలిచి చూపించడం మేలు.

చదువుకోవడానికి వచ్చినవారికి ఆటలెందుకు, మైనారిటీ కళాశాలకు ముందు ఫలితాలు కావాలి, ఉద్యోగాలు కావాలి అని కొందరు పెద్దలు అనవచ్చును. వారి ఆందోళన మాకు అర్థం కాకపోలేదు. మన వెనుకబాటుతనం మాకూ తెలుసు. కాని రహీం సాహెబ్ శిష్యులకు పోలీసు శాఖలో ఉద్యోగాలు తెచ్చిపెట్టింది ఆటే కదా! అది పక్కన పెట్టినా, బలహీనమైన కాలిని బలపరచుకునే అలవాటు పట్టుబడిన విద్యార్థి తనకు రాని పాఠాన్ని తప్పించుకుని తిరగడు. బంతిని పక్కవానికి అందించడం నేర్చుకున్నవాడు తన నోట్సును దాచుకోడు.

విద్యార్థి మిత్రులకు

మిత్రులకు కూడా ఒక మాట చెప్పవలసి ఉన్నది. నాయకుడంటే ముందు నడిచేవాడని, గట్టిగా మాట్లాడేవాడని, తన పేరు మీద జిందాబాద్ కొట్టించుకునేవాడని మనలో ఒక భ్రమ ఉన్నది. విద్యార్థి సంఘాల ఎన్నికలున్నా లేకపోయినా ఆ భ్రమ మాత్రం చెక్కుచెదరలేదు. మైదానపు గట్టున నిలిచే నాయకుని ఒకసారి గమనించండి. గోలు పడితే జనం కేకలు వేసేది గోలు చేసినవాని పేరు. ఓడితే మాత్రం మొదటి నింద శిక్షకునిది. ఆ బేరానికి ఒప్పుకున్నవాడే నాయకత్వానికి అర్హుడు. శిక్షకుడు కఠినంగా ఉంటే కసరడం, మెత్తగా ఉంటే లోకువ చేయడం మన అలవాటు. నయీముద్దీన్ వంటి నియమపాలకుడు దొరికితే నియమం వెనుక ఉన్న కారణాన్ని అడిగి తెలుసుకోండి; తెలుసుకున్న తరువాత అతడు చూడనప్పుడు కూడా పాటించండి. రహీం వంటి ఉస్తాదు దొరికితే అతని విద్యను మీ తరువాతి తరగతివారికి నేర్పి వెళ్లండి. మూడవ సంవత్సరం విద్యార్థి మొదటి సంవత్సరం విద్యార్థికి వారానికి ఒక గంట నేర్పితే చాలు, ప్రతి యేడు మన జట్టు మళ్లీ అఆల నుంచి మొదలుపెట్టవలసిన అవసరం ఉండదు.

మహాశిక్షకుడు మన కళాశాలకు వస్తాడా రాడా అన్నది మన చేతిలో లేదు. వచ్చినవానికి మూడేళ్ల కాలం, వారానికి మూడు సాయంత్రాలు, పిల్లల బస్సు చార్జీ ఇవ్వడం మన చేతిలో ఉన్నది. వచ్చే విద్యా సంవత్సరం ఆరంభంలో జరిగే కమిటీ సమావేశంలో ఈ నాలుగు కోరికలను చర్చకు తీసుకోవలసిందిగా పెద్దలను మరొక్కసారి వినయపూర్వకంగా ప్రార్థిస్తున్నాము.